ఒక్క స్టారు

పోయిన వారం నళినిని వంటింట్లో, చేతిలో గరిటెతో, వీధి గుమ్మం వైపు చూస్తుండగా వదిలేసి వచ్చాం. డోర్‌బెల్ మోగుతోంది. గుమ్మం పక్కన ఉన్న సన్నటి అద్దంలోంచి బయట నిలబడ్డ మనిషి కనిపిస్తోంది. ఈ ప్రపంచంలో ఎవరొచ్చినా ఫరవాలేదు గానీ ఈ ఒక్క మనిషి మాత్రం ఇప్పుడు రాకూడదు అని నళిని అనుకునే పక్షంలో, ఆ వచ్చింది ఆవిడే.

ఇప్పుడే కథలోకి అడుగు పెట్టినవారి కోసం రెండు ముక్కలు. అమెరికాలో, ఇల్లినాయ్‌లోని అరోరా ఊళ్ళో నళినీస్ కిచెన్ అంటే చిన్న పేరేం కాదు. గ్రాడ్యుయేషన్ పార్టీలకీ, గృహప్రవేశాలకీ, పక్క ఊరు నేపర్‌విల్ దాకా ఆవిడ వంటే వెళ్ళేది. అలాంటి కిచెన్ ఈ మధ్య సెర్చ్‌లోంచి మాయమైపోయింది. ఆంధ్రా భోజనం అని ఎవరు కొట్టి చూసినా రావడం లేదు. మ్యాప్‌లో ఆ చోట ఏమీ లేదు. ఫోన్ మోగడం మానేసింది. ఏమైందో చూడమని నళిని స్పందనని పిలిపించింది. స్పందన నేపర్‌విల్‌లో పుట్టి పెరిగిన పిల్ల. చిన్న వ్యాపారాలు ఆన్‌లైన్‌లో ఎలా మసలుకోవాలో లైబ్రరీలో పాఠాలు చెబుతుంది.

స్పందన లాప్‌టాప్ తెరిచి, నళినికి ఇన్నాళ్ళూ గర్వకారణమైన ఐదు స్టార్ల రివ్యూలని ఒక్కొక్కటే చూపించింది. రాసినవాళ్ళలో ఒక్కరూ ఇల్లినాయ్‌లో లేరు. హన్మకొండలో పిన్నత్తలు, కాజీపేటలో బావలు, ఆ బావల స్నేహితులు. నళిని భర్త శశికాంత్ తన ఫ్యామిలీ గ్రూపులో 'మన నళినికి అందరూ ఐదు స్టార్లు కొట్టండి' అని పెట్టాడట. మనవాళ్ళు పెళ్ళిలో అక్షింతలు వేసినట్టు అందరూ ఒక్కసారే వేశారు. వంట రుచి చూశారా అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. మనలో ఒకరు పైకొస్తున్నారంటే తలో చెయ్యి వెయ్యడంలో తప్పేముంది అనుకునే జాతి కదా మనది. సెర్చ్ కంపెనీ వాళ్ళు అలా అనుకోలేదు, దొంగ రివ్యూలని కిచెన్‌నే తీసేశారు.

అక్కడితో ఆగినా బాగుండేది. స్పందన ఆ పేర్లలో ఒకదాన్ని నొక్కింది. పేరు 'జేకే' అని మాత్రమే ఉంది. ఆ మనిషి ఇంకా వేటి మీద రాశాడో కింద వచ్చింది. హన్మకొండలో ఒక టైర్ల షాపు, అక్కడే ఒక బిర్యానీ హోటలు, తర్వాత నళినీస్ కిచెన్, ఐదు స్టార్లు. ఆఖరున మల్లేశ్వరి మెస్, అరోరా, ఒక్క స్టారు. 'ఇక్కడి పులిహోర తిని మా నాలుగేళ్ళ బాబు ఆరవ్ ఎమర్జెన్సీ పాలయ్యాడు. మీ పిల్లల్ని ఇక్కడికి తీసుకురాకండి.'

జేకే అంటే జితేందర్. శశికాంత్ సొంత తమ్ముడు. హన్మకొండలో మొబైల్ షాపు నడుపుతాడు. అమెరికా సంగతి అటుంచి, హైదరాబాద్ ఎయిర్‌పోర్టు లోపలికి కూడా ఎప్పుడూ వెళ్ళని మనిషి. అతనికి ఆరవ్ అనే కొడుకు లేడు. అసలు కొడుకే లేడు.

బయట నిలబడి బెల్ కొడుతున్నది మల్లేశ్వరి మెస్ నాగమల్లేశ్వరి.

"లాప్‌టాప్ మూసెయ్," అంది నళిని.

స్పందన మూసింది. మూసినందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు ముఖం పెట్టింది.

నాగమల్లేశ్వరి లోపలికొచ్చి కోటు విప్పి కుర్చీకి తగిలించింది. యాభై దాటిన మనిషి. తెనాలి వైపు నుంచి ఎప్పుడో వచ్చింది. ఒకప్పుడు లాండ్రీకీ టాక్స్ ఆఫీసుకీ మధ్య ఇరుకు షాపులో ఆవిడ పప్పుచారు కోసం కుర్రాళ్ళు మంచులో లైను కట్టేవారు. ఆ రివ్యూని ఎవరో ఫోటో తీసి లేడీస్ గ్రూపులో పెట్టారు. ఆవిడకి ఫోన్ చేసి 'నిజమా?' అని అడిగినవాళ్ళు లేరు. అయ్యో అని ఏడుపు బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. ఉగాది ముందు షాపు మూతబడింది. మూసిన రోజు ఆవిడ పెద్ద గుండిగలన్నీ తెచ్చి నళినికి ఇచ్చి, "నువ్వైనా వాడుకోవే," అంది. అప్పట్నుంచి నళిని ఆ గుండిగల్లోనే సాంబారు కాస్తోంది. ఈ క్షణం కూడా స్టవ్ మీద ఉన్నది వాటిల్లో ఒకటే.

"ఫోన్ చేసి రావాలని తెలుసమ్మా. స్పందన కారు మీ డ్రైవ్‌వేలో కనిపిస్తే ఆగలేకపోయాను," అంది నాగమల్లేశ్వరి. "ఏమ్మా స్పందనా, బాగున్నావా? నేను గుర్తున్నానా? లైబ్రరీ క్లాసులో వెనక వరసలో కూర్చునేదాన్ని."

"గుర్తున్నారు ఆంటీ," అంది స్పందన.

"నువ్వు చెప్పినవన్నీ చేశానమ్మా. చెడ్డ రివ్యూ వస్తే పోట్లాడకూడదు, మర్యాదగా జవాబివ్వాలి, తప్పయితే ఒప్పుకోవాలి, మన నంబరిచ్చి మాట్లాడదాం రమ్మనాలి అన్నావా? అన్నీ రాశాను. వారం వారం దానికింద రాస్తూనే ఉన్నాను. బాబు ఎలా ఉన్నాడమ్మా, ఒక్కసారి చూడనివ్వండమ్మా అని. ఒక్క మాట తిరిగి రాలేదు."

నళిని స్టవ్ వైపు తిరిగి మంట తగ్గించింది. తగ్గించాల్సిన అవసరం లేదు. అటు తిరగడానికి ఒక వంక కావాలి.

"కస్టమర్లందరికీ ఈమెయిలు పెట్టాను. దొంగతనంగా తీసుకున్న అడ్రసులు కాదమ్మా, ఒక్కొక్కర్నీ అడిగి, సరేనన్నాకే రాసుకున్నవి. మీలో ఎవరి బాబో నా వంట తిని జబ్బు పడ్డాడు, ఎవరో చెప్పండి, కాళ్ళు పట్టుకుంటాను అని రాశాను. మెయిల్ రావద్దనుకునేవాళ్ళ కోసం అడుగున బటన్ పెట్టాలన్నావు కదా? పెట్టాను." ఆవిడ నవ్వబోయింది. "అందరూ దాన్నే నొక్కారు."

మంచి పద్ధతులంటూ ఏవైతే స్పందన తెల్లబోర్డు మీద రాసి చూపించిందో, వాటిల్లో ఒక్కటి కూడా తప్పకుండా పాటించిన మనిషి అరోరా మొత్తంలో ఈవిడ ఒక్కతే. షాపు పోయింది ఈవిడదే. ఆ పాఠాల మొహం కూడా చూడనివాళ్ళకి మొన్నమొన్నటి దాకా ఆర్డర్లే ఆర్డర్లు. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

"ఆంటీ, మీ కిచెన్‌కి కౌంటీ హెల్త్ ఇన్‌స్పెక్టర్ వచ్చారు కదా? క్లీన్ అని ఇచ్చారు కదా?" అంది స్పందన.

"ఇచ్చారమ్మా. ఇన్‌స్పెక్టర్‌కి నా వంటిల్లు తెలుసు. ఆ రోజు నా చేతులు ఎలా ఉన్నాయో ఆయనకేం తెలుసు? ఏం ముట్టుకుని ఏం కలిపానో. రోజూ గుర్తు తెచ్చుకుంటాను. ఆ వేళ చింతపండు నానబెట్టి ఎంతసేపు వదిలేశాను, పల్లీలు పాతవా కొత్తవా. నాలుగేళ్ళ పిల్లాడమ్మా. కారం అంటే కూడా భయపడే వయసు. మా మెస్సే కదా అని నమ్మి పెట్టి ఉంటారు."

"అక్కా, మీరు అలా..." అని నళిని మొదలుపెట్టి ఆగిపోయింది.

"నేను వంట మానేశానే. నీకు చెప్పలేదు. ఇంట్లో ఆయనే వండుతున్నారు. ఆయనకొచ్చింది ఉప్మా ఒక్కటే. గుళ్ళో ప్రసాదం డ్యూటీ ఇస్తే వద్దన్నాను, చెప్పుల స్టాండ్ దగ్గర నిలబడతానన్నాను. మొన్న పక్కింటి పిల్లకి అరటిపండు ఒలిచిద్దామని చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాను. పండుకి కూడా భయమేస్తోంది." ఆవిడ తన చేతులు బల్ల మీద పెట్టుకుని చూసుకుంది. "స్పందనా, నీకు ఈ కంప్యూటర్ పనులన్నీ తెలుసు. ఆ రివ్యూ రాసింది ఎవరో కనిపెట్టడానికి ఏదైనా దారి ఉందామ్మా? షాపు తిరిగి తెరవాలని కాదు. ఆ బాబుని ఒక్కసారి చూడాలి. ఆడుకుంటుండగా దూరం నుంచి చూసినా చాలు."

స్పందన నళినిని చూసింది. నళిని గరిటె పక్కన పెట్టి, "కాఫీ కలుపుతా అక్కా, ఒక్క నిమిషం. కింద మా ఆయనకి కూడా కావాలేమో అడిగొస్తా," అని బేస్‌మెంట్ మెట్లు దిగింది.

కాళ్ళు దిగుతున్నాయి గానీ మనసు ఇంకా పైనే ఉంది. పిరికితనం అంటే ఇదే అని ఆమెకి తెలుస్తూనే ఉంది. పైన నోటి దగ్గరికి వచ్చిన మాట ఒక్క అంగుళం ముందుకి రాలేదు. ఇన్నేళ్ళలో తనని సొంత చెల్లెలిలా చూసిన మనిషి ముందు, 'మిమ్మల్ని చంపింది మా ఇల్లే' అని ఎలా అనడం?

శశికాంత్ ఆఫీసు మీటింగులో ఉన్నాడు. మైకు మ్యూట్‌లో పెట్టి, స్క్రీన్ వైపు చూస్తూ ఆవలిస్తున్నాడు. నళిని వెళ్ళి అతని చెవుల మీదనుంచి హెడ్‌సెట్ లాగేసింది.

"పైన మల్లేశ్వరక్క కూర్చునుంది."

"అయితే?"

"ఆవిడ మీద ఆ ఒక్క స్టారు రాసింది జితేందర్."

అతను ఏమిటీ అనలేదు. ఎవరు చెప్పారనీ అనలేదు. కుర్చీ కొంచెం వెనక్కి జరిపాడు. ఆ జరిపిన తీరు చూశాక నళినికి ఇంకేం అడగాలనిపించలేదు. అయినా అడిగింది.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆమె షాపు మూసినంక తెలిసింది. వాడే ఫోన్ జేసి చెప్పిండు. వదినకు ఇగ పోటీ లేదన్నా అన్నడు. నేను తిట్టిన నళినీ. నిజంగ తిట్టిన."

"తిట్టి?"

"తీసెయ్యమన్న. మళ్ళ ఆలోచించిన. ఇప్పుడు తీసేస్తే ఎందుకు తీసిండ్రని ఎవరన్న అడుగుతరు. ఎట్లాగు ఆమె మూసేసింది గద..."

"ఎట్లాగూ మూసేసిందా?" నళిని గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆ గుండిగలు కార్లోంచి దింపి లోపలికి మోసింది మీరే కదండీ. ఆ రోజు మీకు తెలుసా, తెలియదా?"

అతను నేల చూశాడు. తెలుసన్నమాట.

"ఆఫీస్‌ల మళ్ళ లేఆఫ్‌లంటున్నరు," అన్నాడు. "గ్రీన్ కార్డ్ వచ్చింది గాబట్టి దేశంల నుంచి ఎల్లగొట్టరు, సరే. ఇల్లెట్ల నడుస్తది? మన బిడ్డ ఇషా కాలేజ్ ముందున్నది. నీ కిచెన్ నిలబడితే మనం నిలబడతం అనుకున్న. అందర్ని మంచి రివ్యూలే రాయమన్న. గిది రాయమని నేను చెప్పలే. మనకోసం ఏదో చేస్తున్ననుకున్నడు వాడు."

"ఆవిడ ఇంట్లో కూడా వంట చెయ్యట్లేదు. తెలుసా మీకు? పసిపిల్లాడికి విషం పెట్టానని నమ్ముతోంది. పిల్లాడే లేడు, ఆవిడ వాడికోసం వెతుకుతోంది. మీరిప్పుడు పైకొచ్చి చెప్పాలి. నేను చెప్పడం కాదు, మీరే చెప్పాలి."

"చెప్తే గ్రూప్‌ల రేపటికి మన పేరుంటదా? ఇంత దూరమొచ్చి..."

"ఆవిడ పేరు ఏమైందో చూశారుగా."

శశికాంత్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "మీటింగ్ అయిపోనియ్యి. నేను ఏదో చేస్త. నువ్వు పైకి నడువు, ఏం మాట్లాడకు. నేను చేస్త అన్న గద."

ఏదో చేస్తా అన్న మాట విని నళిని భయపడాల్సింది. కానీ ఆమె అలిసిపోయి ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లో ట్యాప్ కారినా టాక్సులు కట్టాల్సి వచ్చినా, ఏదో చేస్తా అని ఈ మనిషి నిజంగానే ఏదో ఒకటి చేసి పెట్టేవాడు. ఆ అలవాటు కొద్దీ మెట్లెక్కి పైకి వచ్చేసింది.

సింకు దగ్గర గ్లాసు కడుగుతున్నట్టు నిలబడి ఉన్న స్పందన, నళిని పక్కకి రాగానే నీళ్ళ చప్పుడు మాటున గొంతు తగ్గించి అడిగింది. "ఆంటీ, మీరు చెప్తారా, నేను చెప్పనా? షీ ఈజ్ మై స్టూడెంట్. నేను ఇలా కూర్చోలేను."

"నేనే చెప్తా."

కాఫీ కలిపి తెచ్చి నాగమల్లేశ్వరి ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుంది. శశి వద్దన్నాడా అని ఆవిడ అడిగితే తలూపింది. ఇప్పుడు చెప్పాలి. మొదటి మాట ఎక్కడ మొదలుపెట్టాలి? మీ ఆరవ్ అనే పిల్లాడు అనాలా, మా మరిది అనాలా, ముందు క్షమించండి అనాలా? కాఫీ మీద మీగడ కట్టేదాకా ఆమె అలాగే కూర్చుంది. ఆవిడ ఏమీ అడగలేదు. ఈమధ్య తన ముందు అందరూ ఇలాగే మాటల్లేకుండా కూర్చుంటున్నారు కాబట్టి అలవాటైపోయినట్టుంది.

"అక్కా, మీకొక విషయం..."

నాగమల్లేశ్వరి ఫోన్ టింగుమంది.

షాపు మూసినా ఇంటర్నెట్‌లో ఆ పేజీ మూతపడలేదు. పేజీలో ఏ చిన్న మార్పు జరిగినా తనకి కబురు వచ్చేలా పెట్టుకోవడం ఆవిడ లైబ్రరీ క్లాసులోనే నేర్చుకుంది. కళ్ళజోడు పైకి జరుపుకుని చూసింది. రెండోసారి చూసింది. తర్వాత ఫోన్ స్పందన చేతికిచ్చి, "చదవమ్మా. నేను సరిగ్గా చదివానో లేదో," అంది.

స్పందన చదవలేదు. నళిని లాక్కుని చూసింది. ఆ పాత రివ్యూనే, రాసినవాడు ఇప్పుడే మార్చాడు. ఇంగ్లీషులో ఉన్నదాని సారం ఇది: 'బాబు ఇప్పుడు బాగున్నాడు. మీరు రాసినవన్నీ చదివాం. మీ వంట వల్ల చాలా బాధ పడ్డాం, అయినా మిమ్మల్ని క్షమించాం. మేము వేరే ఊరు వెళ్ళిపోయాం. దయచేసి ఇక మమ్మల్ని వెతకొద్దు.'

శశికాంత్ చేస్తానన్నది ఇదన్నమాట.

నాగమల్లేశ్వరి ఏడుస్తోంది. చప్పుడు లేదు. బుగ్గల మీదనుంచి కారి చీర మీద పడుతున్నా తుడుచుకోవడం లేదు. "బాగున్నాడట," అంది. "విన్నావా నళినీ? బాగున్నాడట పిల్లాడు. నా తల్లే, నా తండ్రే, క్షమించారట. స్టారు మార్చలేదు చూడు, ఒకటే ఉంచారు. అది న్యాయమే. చేసిన తప్పు చేసినట్టే ఉండాలి. క్షమించారు, అది చాలు."

ఇంత దుర్మార్గం ఇంకోటి ఉంటుందా? చెయ్యని తప్పుకి ఇన్నాళ్ళూ ఏడిపించారు. ఇప్పుడు చెయ్యని తప్పుకి క్షమాభిక్ష పారేశారు, ఆవిడ దాన్ని రెండు చేతులా కళ్ళకద్దుకుంటోంది. ఇంతకు ముందు ఆవిడకి ఎక్కడో ఒక మూల అనుమానమైనా ఉండేది, ఒకవేళ నా వంట కాదేమో అని. ఇప్పుడు అది కూడా లేదు.

"గ్రూపులో పెట్టాలి," అంది ఆవిడ, ముక్కు తుడుచుకుంటూ. "ఎప్పుడో రాసి ఉంచుకున్నాను. ఆ తల్లి క్షమిస్తే పెడదామని." ఫోన్ తీసుకుని చదివింది. "నేను, మల్లేశ్వరి మెస్ నాగమల్లేశ్వరిని. నా చేతి వంట తిని ఒక పసిబిడ్డ ఆస్పత్రి పాలైన మాట నిజం. ఆ తల్లిదండ్రులు నన్ను క్షమించారు. మీ అందరూ కూడా క్షమించండి. బాగుందామ్మా స్పందనా? నిజాయితీగా ఉండాలన్నావు కదా నువ్వు."

"ఆంటీ, పెట్టొద్దు," అంది స్పందన. "ప్లీజ్. పెట్టొద్దు."

"అక్కా." నళిని ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఇప్పుడు మాట వచ్చింది. వచ్చాక ఆగలేదు. "మీ వంట తిని ఎవరికీ ఏం కాలేదు. ఆరవ్ అనే పిల్లాడు అసలు పుట్టనే లేదు. ఆ రివ్యూ రాసింది మా మరిది జితేందర్, హన్మకొండలో కూర్చుని. నా వ్యాపారం కోసం మిమ్మల్ని తొక్కేశాడు. ఇప్పుడు ఇది కూడా వాడే రాశాడు, ఈయన రాయమంటే. నాకు ఇందాకే తెలిసింది అక్కా. మీరు ఏ తప్పూ చెయ్యలేదు. ఏ ఒక్క తప్పూ చెయ్యలేదు."

నాగమల్లేశ్వరి తన రెండో చేత్తో నళిని చెంప నిమిరింది.

"నువ్వు మంచిదానివే. నా బాధ చూడలేక సొంత మరిది మీద వేస్తున్నావా? అలా అనకూడదమ్మా. ఎక్కడో హన్మకొండలో ఉన్నవాడు, వాడికేం తెలుసని ఇందులోకి లాగుతావు?"

"నిజం ఆంటీ," అంది స్పందన. "నేను చూశాను. ఆ పేరు నొక్కితే అన్నీ వస్తాయి. హన్మకొండ షాపులు, నళిని ఆంటీ కిచెన్ రివ్యూ, అన్నీ. చూడండి, నేను చూపిస్తా." లాప్‌టాప్ తెరిచింది. జేకే అన్న పేరు నొక్కింది.

టైర్ల షాపు లేదు. బిర్యానీ హోటల్ లేదు. నళినీస్ కిచెన్ లేదు. జేకే అనే మనిషి ఈ భూమ్మీద రాసింది ఒకే ఒక్క రివ్యూ, మల్లేశ్వరి మెస్ మీద. పేజీ మళ్ళీ తెరిచింది. మళ్ళీ అదే.

"ఇప్పుడే ఉంది. టెన్ మినిట్స్ బ్యాక్ ఉంది," అంది స్పందన. "ఐ స్వేర్ ఆంటీ. నేను స్క్రీన్‌షాట్ తియ్యలేదు. క్లాస్‌లో అందరికీ చెప్తాను, ముందు స్క్రీన్‌షాట్ తియ్యండి అని, నేనే తియ్యలేదు."

"ఇద్దరూ కూడబలుక్కుని నన్ను ఓదారుస్తున్నారు," అంది నాగమల్లేశ్వరి, కోపం లేకుండా. "మీ ప్రేమకి నేనేం ఇవ్వగలను?"

బేస్‌మెంట్ తలుపు తెరుచుకుంది. శశికాంత్ చేతిలో ఫోన్‌తో పైకి వచ్చాడు. వంటింట్లో ముగ్గురి ముఖాలూ చూసి గుమ్మంలో ఆగాడు.

"వచ్చారా," అంది నళిని. "చెప్పండి. ఆ రివ్యూ ఎవరు రాశారో అక్కకి మీ నోటితో చెప్పండి. నేను చెబితే నమ్మట్లేదు."

నాగమల్లేశ్వరి కూడా అతని వైపు తిరిగింది. "అవును శశీ, నువ్వు చెప్పు నాయనా. నళిని ఏదో అంటోంది. మీ తమ్ముడట. నిజమేనా?"

ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకి అతను నోరు తెరవడం కూడా నళిని చూసింది. అతను నాగమల్లేశ్వరి ముఖం చూశాడు. తడి ముఖమే, అయినా ఎన్నో నెలల తర్వాత దాంట్లో కాస్త ప్రాణం ఉంది. దాన్ని చెడగొట్టడం ఎందుకు అనుకున్నాడో, తన పేరు పోతుందనుకున్నాడో, రెండూ కలిపి తనకి తాను సర్దిచెప్పుకున్నాడో.

"లేదక్కా," అన్నాడు. "మీరంటే నళినికి ప్రాణం. మీ బాధ చూడలేక గట్లంటున్నది. మీరేం మనసుల పెట్టుకోకండి."

పెళ్ళి నాటి నుంచీ ఈ మనిషి పక్కన పడుకున్నాను, ఈ మనిషికి పిల్లని కన్నాను అనుకుంది నళిని. ఇంకేం అనుకోవాలో తోచలేదు. ఆమె పట్టు సడలింది. నాగమల్లేశ్వరి తన చెయ్యి నెమ్మదిగా విడిపించుకుని, "నేను చెప్పలా?" అంటూ బొటనవేలితో ఫోన్ నొక్కింది. పోస్టు వెళ్ళిపోయింది. స్పందన కళ్ళు మూసుకుంది.

పోస్టు పడడమే ఆలస్యం, కామెంట్లు మొదలయ్యాయి. రెండు చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. మీది పెద్ద మనసు అన్నారు ఒకరు. అంకిత అనే ఆవిడ, 'అప్పట్లో మా పాపకి కూడా కడుపునొప్పి వచ్చింది, ఇప్పుడర్థమైంది ఎందుకో,' అని రాసింది. నాగమల్లేశ్వరి అది చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇంకో పిల్ల కూడానా?" అంది. ఇందాక వచ్చిన ప్రాణం ముఖంలోంచి మళ్ళీ పోయింది.

అది చూశాక నళిని లేచింది. ఇంక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు. భర్త దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఫోన్ ఇవ్వండి."

"ఎందుకు?"

ఆమె జవాబు చెప్పలేదు. అతని వేళ్ళు విడదీసి ఫోన్ తీసుకుంది. ఇషా పుట్టినరోజే దాని తాళం అని ఆమెకి తెలుసు. ఆఖరి కాల్ ఎవరికి వెళ్ళిందో పైనే ఉంది. దాన్ని నొక్కి, స్పీకర్ ఆన్ చేసి, కాఫీ గ్లాసు పక్కన బల్ల మీద పెట్టింది. శశికాంత్ ముందుకి రాబోతే స్పందన అడ్డంగా నిలబడింది. ఆ పిల్ల అతని భుజానికి కూడా రాదు. అయినా అతను ఆగిపోయాడు.

ఒక రింగు. రెండో రింగు పూర్తి కాకుండానే అవతల ఎత్తారు. వెనక స్కూటర్ల హారన్లు, ఎవరో టెంపర్డ్ గ్లాస్ ఎంత అని అడుగుతున్నారు.

"అన్నా, నువ్వు చెప్పినట్టే రాసిన," అన్నాడు జితేందర్, హుషారుగా. "పాతయన్ని తీసేసిన. వదిన కిచెన్‌ది గూడ తీసేసిన, ఎవ్వడు పట్టలేడు. గా పెద్దమ్మ నమ్మిందా?"

నళిని ఫోన్‌ని నాగమల్లేశ్వరి వైపు జరిపింది.

"అన్నా? ఇనవడుతుందా? నమ్మిందా ఆమె?"

నాగమల్లేశ్వరి ఫోన్ వైపు కొంచెం వంగింది.

"నమ్మాను నాయనా," అంది.